గిటారుకూ తగులుతుంది ఎండదెబ్బ!

ఇటలీ దేశంలో క్రెమోనా అనే ఊరు ఉంది. వయొలిన్లు చేసేవారికి అది కాశీ వంటిది. ఆ ఊళ్లో ఆంటోనియో స్ట్రాడివారి అనే పనివాడు 1679లో ఒక గిటారు చేశాడు. 'సబియొనారి' అని పేరున్న ఆ గిటారు ఈనాటికీ మోగుతుంది. మధ్యమధ్య మరమ్మతులు జరిగిన మాట నిజమే. అయినా పల్చని చెక్కలు జిగురుతో అతికించి చేసిన ఒక పెట్టె మూడు వందల నలభై ఏళ్లు దాటినా పలుకుతున్నదంటే ఆశ్చర్యం కాదూ?

ఇప్పుడు మరొక గిటారు సంగతి ఊహించండి. సంక్రాంతికి కొన్న కొత్త గిటారు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్తూ దాన్ని కిటికీ పక్కన గోడకు ఆనించి, తలుపులకు తాళం వేసి వెళ్లారు. జూన్‌లో తిరిగి వచ్చి చూస్తే పై పలక మీద నిలువునా బీట! ఎవరూ ముట్టుకోలేదు. కింద పడలేదు. మరి ఎవరు పగలగొట్టారు?

గాలి! అవును, ఆ గదిలోని పొడిగాలే దాన్ని పగలగొట్టింది. ఎట్లాగో తెలుసుకుంటే గిటారును ఎట్లా దాచుకోవాలో ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

గిటారులో ఏముంది?

తీగల గిటారును ఒకసారి పరిశీలనగా చూడండి. ముందు భాగంలో గుండ్రని రంధ్రం ఉన్న పలక ఉంది కదా, అదే గిటారుకు ప్రాణం. మంచి గిటార్లలో ఈ పలకను స్ప్రూస్ అనే చెట్టు చెక్కతో చేస్తారు. చలిప్రాంతాల్లో పెరిగే ఈ చెట్టు మన హిమాలయాల్లోని దేవదారుకు చుట్టమే. పలక మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. అంతకంటె మందంగా ఉంటే సరిగ్గా కంపించదు, నాదం పలకదు.

ఇంత పల్చని పలక ఎంత బరువు మోస్తున్నదో తెలుసా? ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలనూ శ్రుతి చేసినప్పుడు అన్నీ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు మూడు వేలాడదీసినట్లు! పగలూ రాత్రీ, మీరు వాయించినా వాయించకపోయినా, ఆ లాగుడు ఉంటూనే ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి పలక లోపలి వైపున సన్నని చెక్క బద్దలను అడ్డంగా, ఏటవాలుగా జిగురుతో అతికిస్తారు. ఈ బద్దలను గుర్తుంచుకోండి. కథలో వీటికి ముఖ్యమైన పాత్ర ఉంది.

పలక పైన మెరిసే పూత ఉంటుంది. ఇది కేవలం అందానికి కాదు, తేమ నుంచీ చెమట నుంచీ రక్షణకు కూడా. అయితే ఈ పూత బయటి వైపే. రంధ్రంలోంచి లోపలికి చూడండి. అక్కడ చెక్క చాలా గిటార్లలో పచ్చిగా, ఏ పూతా లేకుండా కనిపిస్తుంది. అంటే గిటారుకు ముందు తలుపు వేసి ఉంది గాని, వెనక తలుపు బార్లా తెరిచి ఉంది!

చెక్క తాగే నీరు

వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోతుంది. లాగితే గాని రాదు. అదే తలుపు ఎండాకాలంలో వదులై గాలికి కొట్టుకుంటుంది. తలుపు అదే, చట్రం అదే. మారినదల్లా గాలిలోని తేమ.

చెట్టు నరికి వందేళ్లయినా దాని చెక్క గాలిలోని నీటితో ఇచ్చిపుచ్చుకోవడం మానదు. చెక్క అంటే సన్నని పొడవాటి గొట్టాల మోపు అనుకోండి. వరిగడ్డి మోపులాగా అన్నమాట. ఈ గొట్టాల గోడలు ముఖ్యంగా సెల్యులోజ్ అనే పదార్థంతో తయారయ్యాయి. సెల్యులోజ్ అణువుల వెంట హైడ్రాక్సిల్ సముదాయాలు వరసగా ఉంటాయి. వీటికి నీటి అణువులంటే ఎంతో మక్కువ. గాలిలో తేమ ఎక్కువైతే నీటి అణువులు గోడల్లోకి చొరబడి అక్కడ సర్దుకుంటాయి. గోడలు ఉబ్బుతాయి. గాలి పొడిబారితే అవి బయటికి వెళ్లిపోతాయి. గోడలు ముడుచుకుంటాయి.

గొట్టపు గోడ ఉబ్బితే ఏమవుతుంది? గొట్టం లావెక్కుతుంది గాని పొడవు పెరగదు. మోపు కూడా అంతే. అందుకే చెక్క తన నారల వెంట, అంటే పొడవు దిక్కున, దాదాపు మారదు. అడ్డంగా మాత్రం బాగా మారుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు, గిటారుకు వచ్చే సగం రోగాలు మీకు అర్థమైనట్లే.

గాలిలో తేమ ఎంత ఉందో 'సాపేక్ష ఆర్ద్రత'గా చెబుతాం. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి గరిష్ఠంగా ఎంత నీటి ఆవిరిని ఉంచుకోగలదో దాన్ని 100 అనుకుంటే, నిజంగా ఎంత ఉందో చెప్పే శాతం అది. గాలి వేడెక్కితే దాని పాత్ర పెద్దదవుతుంది. ఆవిరి అంతే ఉన్నా శాతం తగ్గిపోతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం తెలంగాణలో, రాయలసీమలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం కంటె దిగువకు పోతుంది. ఆరేసిన బట్టలు అరగంటలో ఎండిపోయేది అందుకే. బట్టల నీటిని తాగిన ఆ గాలే గిటారు నీటినీ తాగుతుంది. వానలు పడేటప్పుడేమో ఆర్ద్రత 80 శాతం దాటుతుంది.

లెక్క వేసి చూద్దాం

పెద్ద గిటారు పలక వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు, అంటే 400 మిల్లీమీటర్లు. గిటార్లు చేసే కర్మాగారాల్లో గాలి ఆర్ద్రతను 45 నుంచి 50 శాతం దగ్గర నిలకడగా ఉంచి, అప్పుడే చెక్కలు అతికిస్తారు. 50 శాతం ఆర్ద్రతలో చెక్క తన పొడి బరువులో సుమారు 9 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. ఆర్ద్రత 30 శాతానికి పడిపోయి, కొన్నాళ్లు అట్లాగే ఉంటే చెక్కలో నీరు 6 శాతానికి దిగుతుంది. అంటే 3 శాతం నష్టం.

స్ప్రూస్ పలక 1 శాతం నీరు కోల్పోతే అడ్డంగా సుమారు 0.14 శాతం ముడుచుకుంటుంది. మూడు శాతానికి 0.42 శాతం. 400 మిల్లీమీటర్లలో 0.42 శాతం ఎంత? దాదాపు 1.7 మిల్లీమీటర్లు!

ఇంతేనా అనకండి. పలక హాయిగా ముడుచుకోగలిగితే ఏ గొడవా లేదు. కాని దాని వెనుక బద్దలు అడ్డంగా అతికి ఉన్నాయని చెప్పుకున్నాం కదా. బద్దల నారలు వాటి పొడవు వెంట ఉన్నాయి. అంచేత అవి పొట్టివి కావు. పలక ముడుచుకుంటానంటుంది, బద్దలు వీల్లేదంటాయి. చుట్టూ అంచులు కూడా జిగురుతో పక్కపలకలకు కట్టుబడి ఉన్నాయి. ఇంత మంది పట్టుకుని లాగుతూ ఉంటే పలక ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ, నారల వెంట నిలువునా చీలుతుంది. తాళం వేసిన ఇంట్లో జరిగింది ఇదే.

వానాకాలం లెక్క కూడా మీరే వేయండి. 80 శాతం ఆర్ద్రతలో చెక్కలోని నీరు సుమారు 16 శాతానికి చేరుతుంది. పలక ఎంత వెడల్పు కావాలని చూస్తుంది? సుమారు 4 మిల్లీమీటర్లని మీకు జవాబు వస్తే లెక్క సరిపోయినట్లే. అంచులు కదలనివ్వవు గనక పలక పొట్టలా పైకి ఉబ్బుతుంది. తీగలు మెట్లకు దూరమవుతాయి. నొక్కితే వేళ్లు నొప్పి పుడతాయి.

ఇది చిన్న ప్రయోగంగా చేసి చూడవచ్చు. ఒక అట్టముక్క తీసుకుని ఒక వైపు మాత్రం తడిచేత్తో రాయండి. కాసేపట్లో అది వంకర తిరుగుతుంది. తడిసిన వైపు నారలు ఉబ్బాయి, పొడి వైపు నారలు కదలలేదు. పలకకూ బద్దలకూ మధ్య జరిగే తగాదా ఇటువంటిదే.

గిటారు చెప్పే ఆనవాళ్లు

బీట పడేలోపు గిటారు ముందుగానే మొర పెట్టుకుంటుంది. మనకు వినిపించుకోవడం తెలియాలి.

మెడ పక్కగా వేలితో నిమరండి. లోహపు మెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయా? మెట్లు బయటికి పెరగలేదు. లోహం మారదు. వాటిని పట్టుకున్న చెక్క ముడుచుకుంది. గిటారుకు దాహం వేస్తున్నదని చెప్పే మొదటి గుర్తు ఇది. తీగలు మెట్లకు తగులుతూ జుమ్మని గరగరలాడుతున్నా పలక లోపలికి కుంగుతున్నదేమో చూడాలి. అట్లా కాక పలక ఉబ్బి, తీగలు ఎత్తుగా కనిపిస్తే తేమ ఎక్కువైందని అర్థం.

45 నుంచి 55 శాతం ఆర్ద్రత గిటారుకు సుఖం. అటూ ఇటూ కొంచెం పోయినా ఫరవాలేదు. మెల్లగా మారితే చెక్క సర్దుకుంటుంది. హఠాత్తుగా మారితేనే ప్రమాదం.

వేడి చేసే హాని

పొడిగాలి చెక్కకు శత్రువైతే వేడి జిగురుకు శత్రువు. గిటారు భాగాలను కలిపే జిగుళ్లు చాలా వరకు 60, 70 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. అంత వేడి ఎక్కడుంటుంది అంటారా? ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో ఉంటుంది! సూర్యకాంతి అద్దంలోంచి లోపలికి వస్తుంది. లోపలి వస్తువులు వేడెక్కుతాయి. ఆ వేడిగాలి బయటికి పోయే దారి లేదు. జిగురు మెత్తబడిందంటే ఆ 70 కిలోల లాగుడు ఊరుకుంటుందా? తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి పలక నుంచి ఊడి వస్తుంది.

కారుకే కాదు, రేకుల కప్పు కింద ఉన్న అటకకూ ఇదే మాట వర్తిస్తుంది. 'వాడని సామాను అటక మీదికి' అన్న అలవాటు గిటారు విషయంలో పనికిరాదు.

పైపూత సంగతి

ఇక మెరుపు చూద్దాం. గిటారు పూతలు ముఖ్యంగా రెండు జాతులు.

మొదటి జాతికి బెల్లం అచ్చుతో పోలిక. పాకం చల్లారితే అచ్చు గట్టిపడుతుంది. కాని నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. రెండో జాతికి ఉడికిన గుడ్డుతో పోలిక. ఒకసారి గట్టిపడిందంటే మళ్లీ ద్రవం కావడమంటూ లేదు.

లక్క పూత మొదటి జాతిది. లక్కపురుగులు చెట్టు కొమ్మల మీద స్రవించే పదార్థమే లక్క. మన ఏటికొప్పాక బొమ్మల మీద తళతళలాడేది ఇదే. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్ది పాలిష్ పెట్టడం మన వడ్రంగులకు బాగా తెలుసు. దాన్ని వారు స్పిరిట్ పాలిష్ అంటారు. స్పెయిన్ పద్ధతిలో నైలాన్ తీగలతో చేసే ఖరీదైన గిటార్లకు ఇప్పటికీ ఈ పూతే వేస్తారు.

నైట్రోసెల్యులోజ్ పూత కూడా మొదటి జాతిదే. దీని కథ చిత్రమైనది. స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని నత్రికామ్లం, గంధకామ్లం మిశ్రమంతో కలిపి మందుగుండు పత్తిని తయారుచేసి, 1846లో లోకానికి తెలిపాడు. నత్రీకరణం కొంచెం తగ్గిస్తే అదే పదార్థం పేలే గుణం తగ్గి, ద్రావణులలో కరిగి, ఆరితే గట్టి మెరుపు పొర అవుతుంది. 1920లలో అమెరికాలో కార్లకు ఈ రంగులు వేయసాగారు. డ్యూపాంట్ కంపెనీ దానికి పెట్టిన పేరు 'డ్యూకో'. మన షెడ్లలో మెకానిక్కులు కారు రంగును డ్యూకో అని పిలవడం అక్కడి నుంచే వచ్చింది. ఆ పూతే గిటార్ల మీదికీ పాకింది. అమెరికాలోని మార్టిన్, గిబ్సన్ కంపెనీలు మంచి రకం గిటార్లకు ఈనాటికీ దాన్ని వాడుతున్నాయి.

రెండో జాతిలో పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలు ఉన్నాయి. వీటి అణువులు ఒకదానితో ఒకటి వలలా ముడిపడతాయి. ఈ రోజుల్లో తక్కువ ధరకు దొరికే గిటార్లకు ఎక్కువగా ఇవే ఉంటాయి. ఇవి మొండివి, అంత తేలికగా పాడుకావు.

మొదటి జాతి పూతలో అణువులు పొడవాటి దారాల్లా పక్కపక్కన పడుకుని ఉంటాయి గాని ముడిపడి ఉండవు. మందమా, నోటుపుస్తకంలో ఒక కాగితమంత! తగిన ద్రావణి తగిలితే దారాలు విడిపోతాయి. అందుకే ఇవి ఎన్నేళ్లయినా బెల్లం అచ్చులే.

రబ్బరూ స్కేలూ చెప్పే పాఠం

మీ పెట్టెలో పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు, ప్లాస్టిక్ స్కేలు ఒకదానికొకటి ఆని చాలాకాలం ఉండిపోతే ఏమయిందో ఎప్పుడైనా చూశారా? రబ్బరు స్కేలుకు అతుక్కుపోతుంది. ఊడబెరికితే స్కేలు మీద గుంట పడి, జిగటగా ఉంటుంది. వేడి లేదు, ద్రావణి పోయలేదు. మరి స్కేలు ఎట్లా కరిగింది?

ఈనాటి రబ్బర్లు చాలావరకు నిజమైన రబ్బరు కావు, పి.వి.సి. అనే ప్లాస్టిక్. పి.వి.సి. సహజంగా గట్టిది. నీళ్ల గొట్టాలు చూడండి. దాన్ని రబ్బరులా, వానకోటులా మెత్తగా చేయాలంటే మెత్తబరిచే నూనె వంటి ద్రవం కలపాలి. ఈ ద్రవం ప్లాస్టిక్ అణువులతో రసాయనికంగా కలిసిపోదు. నడుమ దూరి ఉంటుంది, అంతే. పక్కన తనకు నచ్చిన మరో పదార్థం దొరికితే మెల్లగా అందులోకి వలస పోతుంది. అక్కడికి వెళ్లి దాన్నీ మెత్తబరుస్తుంది. కొత్త రబ్బరుకు కాగితపు తొడుగు ఎందుకు వేస్తారో ఇప్పుడు తెలిసిందా?

గిటారు స్టాండు మీద మెత్తని గొట్టాలు తొడుగుతారు. గోడకొక్కేలకూ తొడుగుతారు. భుజాన వేసుకునే పట్టీలు కొన్ని ప్లాస్టిక్ తోలుతో చేస్తారు. ఇవి పి.వి.సి. అయితే, నైట్రోసెల్యులోజ్ పూతకు రోజుల తరబడి ఆని ఉంటే, రబ్బరు స్కేలుకు చేసిందే గిటారుకూ చేస్తాయి. తగిలిన చోట పూత మెత్తబడి, జిగటగా మారి, స్టాండు ముద్ర పడుతుంది. ఇక తుడిస్తే పోదు. స్టాండు కొనేది గిటారును కాపాడటానికి; అదే దాని చర్మం ఊడదీస్తుంది!

విరుగుడు కష్టం కాదు. స్టాండు తాకే చోట్ల శుభ్రమైన నూలుగుడ్డ చుట్టండి. గుడ్డను అప్పుడప్పుడు మార్చండి. పట్టీని వాయించడం కాగానే విప్పి వేరుగా పెట్టండి. గిటారు పెట్టెలో దానితో పాటు చుట్టి పెట్టవద్దు.

ప్రయోగం: రెండు రబ్బరు ముక్కలు తీసుకుని ఒక ప్లాస్టిక్ స్కేలు మీద పెట్టండి. ఒకటి నేరుగా ఉంచండి. రెండో దాని కింద మడత పెట్టిన నూలుగుడ్డ వేయండి. పైన పుస్తకాల బరువు పెట్టండి. నెల తరవాత రెండు చోట్లా వేలితో తడిమి, తేడా మీ పుస్తకంలో రాసుకోండి.

ఏం తగలకూడదు?

లక్కను కరిగించేది స్పిరిట్ అని చెప్పుకున్నాం. చేతులకు రాసుకునే శానిటైజరులో సగానికి పైగా ఉండేది ఆల్కహాలే. రాసుకుని, చెయ్యి ఆరకుండానే లక్క పూత గిటారు పట్టుకుంటే వేలిముద్రలు శాశ్వతంగా ఉండిపోతాయి. కొన్ని దోమల క్రీములలో ఉండే డీట్ అనే రసాయనానికి కూడా పూతలను, ప్లాస్టిక్‌లను మెత్తబరిచే గుణం ఉంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, తరవాత వాద్యం ముట్టుకోవాలని పెద్దలు చెప్పేది భక్తి కోసమే అనుకుంటాం. అందులో రసాయన శాస్త్రం కూడా ఉంది!

పురుగులు రాకుండా పెట్టెలో కర్పూరం బిళ్ల వేద్దామని ఎవరైనా అంటారు. వద్దు. నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపితే వచ్చేదే సెల్యులాయిడ్. పాతకాలపు సినిమా ఫిల్ములు, దువ్వెనలు దానితోనే చేసేవారు. అంటే నైట్రోసెల్యులోజ్‌ను మెత్తబరచడానికి మనిషి వెతికి పట్టుకున్న పదార్థమే కర్పూరం! మూసిన పెట్టెలో దాని ఆవిరితో గిటారును కలిపి ఉంచడం ఎంత పొరపాటో మీరే ఆలోచించండి. కలరా ఉండలకూ ఇదే జాగ్రత్త.

చెమటలో ఉప్పు, ఆమ్లాలు, జిడ్డు ఉంటాయి. ఉప్పు తీగలను తుప్పు పట్టిస్తుంది. జిడ్డు పూత కాంతిని హరిస్తుంది. వాయించడం ముగిశాక మెత్తని పొడి నూలుగుడ్డతో తీగలూ మెడా పలకా తుడవండి. మరక పోకపోతే నోటితో ఆవిరి ఊది తుడవండి. అంతకు మించి ఏమీ అక్కరలేదు. మీ గిటారు పూత ఏ జాతిదో తెలుసుకుందామని స్పిరిట్ చుక్క వేసి మాత్రం పరీక్షించకండి. కొన్న చోట అడగండి. తెలియకపోతే బెల్లం జాతే అనుకుని జాగ్రత్త పడండి.

ఎండ రంగులను కూడా తినేస్తుంది. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 వరకు చేసిన లెస్ పాల్ స్టాండర్డ్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతాయి. వాటి అంచుల్లోని ఎరుపు చాలా గిటార్లలో వెలిసి పసుపు మాత్రం మిగిలింది. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు ఆ ఎర్రరంగు అణువులను విరగగొట్టాయి.

ఎక్కడ, ఎట్లా దాచాలి?

ఇప్పటి వరకు చెప్పుకున్నదాన్ని ఆచరణలో పెడదాం.

ఉత్తమమైన చోటు దాని పెట్టె. గట్టి పెట్టెలో గాలి కొద్దిగా ఉంటుంది. బయటి వేడీ తేమా లోపలికి మెల్లగా పోతాయి. చెక్కకు కావలసింది ఆ మెల్లదనమే. ఎ.సి. గదిలోంచి ఉక్కపోత బయటికి వచ్చినప్పుడు కళ్లద్దాల మీద మంచు కమ్ముతుంది చూడండి, గిటారు మీదా అట్లాగే నీరు చేరుతుంది. అంచేత చోటు మారినప్పుడు పెట్టెను అరగంట సేపు మూసే ఉంచండి. చలిదేశాల్లో ఈ నియమం మరీ ముఖ్యం. మంచులో ఉండి వచ్చిన గిటారును వెచ్చని గదిలో వెంటనే తెరిస్తే, పాతబడి పెళుసెక్కిన పూత వెంట్రుకల వంటి గీతలుగా పగులుతుంది.

పాలిథిన్ సంచిలో బిగించి కట్టవద్దు. లోపల చిక్కిన తేమకు దారి ఉండదు, బూజు పడుతుంది.

గోడకు ఊరికే ఆనించవద్దు. అడుగు గుండ్రంగా ఉండటం వల్ల నున్నని గచ్చు మీద అది జారుతుంది. చాలా గిటార్లలో తల మెడకు కొంచెం వెనక్కు వాలి ఉంటుంది. ఆ వంపు దగ్గర చెక్క నారలు తెగి పొట్టిగా ఉంటాయి. బరువైన బిరడాలు ఆ తలకే ఉన్నాయి, తీగల లాగుడూ అటే ఉంది. పడగానే విరిగేది అక్కడే.

కిటికీ ఎండ, కూలరు ఎదురుగాలి, ఎ.సి. నేరుగా తగిలే చోటు, వాన చెమ్మ దిగే బయటిగోడ, వంటిల్లు, రేకుల అటక, ఇవన్నీ కూడని చోట్లు. నేల మీద కూడా వద్దు. 2010 మే నెలలో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో నదికి వరద వచ్చింది. సంగీత విద్వాంసులు తమ వాద్యాలు దాచుకునే సౌండ్‌చెక్ అనే గిడ్డంగిలోకి నీరు చేరి ఎన్నో గిటార్లు మునిగిపోయాయి. కట్టుదిట్టమైన తాళాలు వరదను ఆపలేదు. తుపాన్లు తెలిసిన మన కోస్తా పిల్లలకు ఇది వేరే చెప్పాలా? చెదలకు కూడా నేలే దగ్గర. బీరువాలోనో, బల్ల మీదో, మంచం ఎత్తున దాచండి.

నెలల తరబడి వాయించరనుకుంటే తీగలను ఒకటి రెండు స్వరాలు కిందికి దించండి. అన్నీ ఊడదీయనక్కరలేదు.

వేసవికి ఒక ఉపాయం. మూతకు చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో స్పంజిముక్క తడిపి, నీరు కారకుండా గట్టిగా పిండి, చెక్కకు ఆనకుండా గిటారు పెట్టెలో తల దగ్గర ఉంచండి. ఆరగానే మళ్లీ తడపండి. తొలకరి పడగానే దాన్ని తీసేయండి. ముసురు రోజుల్లో బదులుగా సిలికా జెల్ పొట్లాలు వేయవచ్చు. కాని దాహం తీర్చడానికీ ముంచడానికీ తేడా ఉంది గదా! అందుకని కొలిచి చేయాలి.

కొలవడం ఎట్లా?

1783లో జెనీవా పండితుడు సొస్యూర్ మనిషి వెంట్రుకతో ఆర్ద్రతామాపకాన్ని గురించి రాశాడు. వెంట్రుక తేమకు సాగుతుంది, పొడికి పొట్టిదవుతుంది. మీ బడి ప్రయోగశాలలో పొడి, తడి బల్బుల ఉష్ణమాపకం ఉంటే దానితోనూ గదిలో ఆర్ద్రత కొలవవచ్చు. పెట్టెలో పెట్టుకునే చిన్న మీటర్లు ఇప్పుడు కొద్ది వందల రూపాయలకే దొరుకుతున్నాయి.

అయితే ఆ మీటరు నిజం చెబుతున్నదా? దానికి మన వంటింటి ఉప్పే సాక్షి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా కొద్దిగా నీళ్లు కలపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా మూసి ఉంచండి. తడి ఉప్పు పైన ఉన్న గాలి ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. ప్రకృతి నియమం అది. మీటరు 70 చూపితే, అది ఎప్పుడూ 5 తక్కువ చెబుతుందని రాసి పెట్టుకోండి.

మన వీణకూ ఇదే నీతి

ఇంట్లో గిటారు లేకపోతే ఈ పాఠం మనకెందుకని అనుకోకండి. బొబ్బిలి వీణను పనసకర్రతో చేస్తారు. పనస కూడా చెక్కే, దానికీ దాహం ఉంది. పైగా వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. ఎండలో ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, స్వరస్థానాలు చెడతాయి. మృదంగం మీది చర్మం ముసురులో ఒక విధంగా, ఎండలో మరో విధంగా పలుకుతుంది. వాద్యం ఏదైనా, దాని చుట్టూ ఉన్న గాలి కూడా దానిలో ఒక భాగమే.

క్రెమోనా గిటారును తరతరాలుగా ఎవరో ఒకరు ఎండకూ వానకూ ఎడంగా దాచుకుంటూ వచ్చారు. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాయించినవారితో పాటు ఆ దాచినవారి వల్ల కూడా అది ఈనాడు మోగుతున్నది. మీ ఇంటి వాద్యాన్ని ఈ రోజే ఒకసారి బయటికి తీయండి. మెట్ల కొసలు తడమండి. స్టాండు తాకే చోటు చూడండి. పలకను ఏటవాలు వెలుతురులో పరీక్షించండి. అది ఏమైనా మొర పెడుతున్నదేమో మీకు తెలిసిపోతుంది.